మన తరువాత వీరికి దిక్కెవరు?

నేటి ప్రసంగమునకు నేనెన్నుకొన్న విషయము మన యిండ్లలో నున్నదే గాని మన సభలలో చర్చకు రానిది. బుద్ధి యెదుగుదల తక్కువగా నున్నవారు పెద్దవారైన పిదప ఎక్కడ, ఎట్లు జీవింపవలయును? వారికి తోడ్పడుటకై ఏర్పడు గృహములలో మంచి వేవి, చెడ్డ వేవి యని మనము గుర్తించుట యెట్లు? ఈ రెండు ప్రశ్నలకు యథాశక్తి సమాధానము చెప్పదలచితిని. చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతములను దృష్టియందుంచుకొని మాటలాడెదను. కాని ఈ మాటలు తెలుగునాట నే పల్లెకైనను వర్తించును.

ఇట్టి బిడ్డలుగల తల్లిదండ్రులతో మాటలాడినప్పుడెల్ల వారి నోట తుదకు నేను విను ప్రశ్న యొక్కటే: "మేమున్నంతకాలము చూచుకొందుము, మా తరువాత ఎవరు?" బిడ్డకు అయిదేండ్లున్నప్పుడు ఈ ప్రశ్న అప్పుడప్పుడు తోచును. బిడ్డకు నలువదియేండ్లు, తల్లికి డెబ్బదియేండ్లు వచ్చునప్పటికి అదే ప్రశ్న నిద్ర పట్టనీయదు.

ముందుగా మాట సంగతి చెప్పెదను. మన పల్లెలలో ఇట్టివారిని ఎడ్డివాడనియు, పిచ్చిదనియు పిలుచుట వాడుక. ఈ రెండు మాటలును తప్పే. ఉన్మాదము వ్యాధి, మంచి తెలివిగలవానికి నడివయసులో రావచ్చును, చికిత్సచే తగ్గవచ్చును. బుద్ధిమాంద్యము పుట్టుకనుండియో పసితనమునుండియో యుండు స్థితి. నేర్చుకొనుట ఆలస్యమగును, లెక్కయు బేరమును దారియు తెలిసికొనుట కష్టమగును. అది మందుతో పోదు. ఓర్పుతో నేర్పినచో జీవితము మెరుగగును. బ్రిటిషు ఇండియాలో 1912లో చేసిన చట్టము ఈ రెండింటిని ఒకే కట్టలో కట్టినది. 1987లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టము బుద్ధిమాంద్యమును మానసిక వ్యాధినుండి విడదీసెను. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టము దీనిని మేధోవైకల్యమని పేర్కొనుచున్నది. 2011 జనాభా లెక్కలలో మన దేశమున ఇట్టివారు 15 లక్షలకు పైగా నుండిరి.

దీనికి కారణములు పలు విధములు. కాన్పు కష్టమై బిడ్డకు ఊపిరి అందకపోవుట, పసితనమున మెదడునకు జ్వరము తగులుట, థైరాయిడు లోపమును వేళకు గుర్తింపకపోవుట, మేనరికములలో కొన్ని వంశదోషములు రెండువైపులనుండి కలిసివచ్చుట - ఇవి కొన్ని. డౌను లక్షణమునకు శరీరకణములలో ఒక క్రోమోజోము అధికముగా నుండుట కారణమని 1959లో తేలినది. తల్లి పాపమునకును దీనికిని ఏమియు సంబంధము లేదు. ఆ మాట మన అరుగులమీద ఎవరైన అనినచో ఖండించుట పెద్దల ధర్మము.

పూర్వము వీరికి గృహములు ఏల లేకుండెను? ఉమ్మడి కుటుంబమే గృహముగా నుండెను. పశువులను తోలుట, కళ్లములో కాపుండుట, నీళ్లు మోయుట వంటి పనులలో ఇట్టివాని చేతికిని పని దొరకెడిది. ఒకరు కాకున్న ఇంకొకరు అన్నము పెట్టెడివారు. ఆ కాలమును పొగడుటకు ఇది చెప్పుటలేదు. గొలుసులతో కట్టివేయబడినవారును ఆ యిండ్లలోనే యుండిరి. అయినను పది చేతులుండెను. నేడు ఆ చేతులు తగ్గినవి. హైదరాబాదు దగ్గరగుటచే చేవెళ్ల, మొయినాబాదు మండలములలో భూమి వెల పెరిగినది. గండిపేట, హిమాయతుసాగరము చెరువుల నీటిని కాపాడుటకై 1996లో వెలువడిన 111వ జీవో 84 గ్రామములలో నిర్మాణములకు కట్టడి విధించెను. ఐనను పొలములు చేతులు మారుచు తోటయిండ్లయినవి. కూరగాయలు, పూలు పండించిన కుటుంబములలో పిల్లలు నగరమునకు ఉద్యోగములకై పోయిరి. ఇంట మిగిలినవారు ముసలి తల్లిదండ్రులును, ఈ బిడ్డయును. భూమి అమ్మినప్పుడు వాటాల తగవు మీయొద్దకు వచ్చును. ఆ తగవులో నోరులేని వాటాదారుడు ఈ బిడ్డయే.

ఇక పరిష్కారములు. లోకమున అనేక దేశములు మొదట వీరిని ఊరికి దూరముగా పెద్ద పెద్ద ఆశ్రమములలో నుంచెను. వందలకొలది జనము, ఒకే వంట, ఒకే గుడ్డ, ఒకే గంట. బెల్జియములోని గీల్ అను ఊరు మాత్రము వేరొక దారి పట్టెను. అచ్చటి రైతు కుటుంబములు ఉన్మాదులను, బుద్ధిమాంద్యము గలవారిని తమ యిండ్లలో నుంచుకొని, పొలము పనులలో తోడు తీసికొనుట కొన్ని శతాబ్దములనుండి ఆచారము. 1930ల చివర అట్లుండినవారు మూడువేలకు పైబడిరి. స్వీడనువాడైన బెంగ్ట్ నిర్యే అను నాయన 1969లో ఒక సూత్రమును ప్రకటించెను: మనకు దినము, వారము, సంవత్సరము అను నడక యెట్లున్నదో వీరికిని అట్లే యుండవలయును, పని వేరుచోట, నిద్ర వేరుచోట, పండుగనాడు పండుగ. మన దేశమున 1970లో బెంగుళూరులో ఆశానికేతనమను గృహము ఏర్పడెను; అందు సహాయకులును, ఇట్టివారును ఒకే యింట కలిసి యుందురు. 1984లో సికిందరాబాదులోని మనోవికాసనగరమున జాతీయ సంస్థ యొకటి నెలకొల్పబడి, ఉపాధ్యాయులకు శిక్షణము, తల్లిదండ్రులకు సలహా ఇచ్చుచున్నది. చేవెళ్లనుండి ఒక్క పూటలో పోయి రాదగిన దూరమే. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము క్రింద, తల్లిదండ్రుల తరువాత జీవితకాలము ఆశ్రయమిచ్చుటకు ఘరౌందా అను పథకము గలదు.

2016 చట్టములోని అయిదవ విభాగము దివ్యాంగులకు సమాజములో జీవించు హక్కు గలదనియు, ఫలానిచోటనే యుండుమని వారిని నిర్బంధింపరాదనియు చెప్పుచున్నది. కనుక గృహమనగా బందెలదొడ్డి కాదు. అది యొక ఇల్లు. అందుండువానికి తోడు కావలయును, కావలి మాత్రము చాలదు.

మంచి తోడ్పాటు అనగానేమి? ఒక దృష్టాంతము చెప్పెదను. ఒకనికి స్నానము చేయించుటకు సహాయకునకు అయిదు నిమిషములు చాలును. వానిచేతనే చేయించుటకు అరగంట పట్టును. చెంబు పట్టుట, నీళ్లు వేడియా చల్లనా యని చూచుట, సబ్బు రుద్దుట, కడుగుట, తుడుచుట అని పనిని ముక్కలు చేసి, రాని ముక్కకు మాత్రము చేయి యందించి, వచ్చిన ముక్కను వానికే విడువవలయును. కొన్ని నెలలకు అరగంట పదిహేను నిమిషములగును. ఆ మనిషి తన యొడలిని తాను కడుగుకొనువాడగును. జొన్నరొట్టె చేయుటయు అంతే. పిండి కలుపుట ఒకరికి వచ్చును, తట్టుట మరియొకరికి, పెనముమీద త్రిప్పుట ఇంకొకరికి. మూడు చేతులు కలిసి ఒక రొట్టె యగును. అన్నియు చేసిపెట్టు గృహము పైకి దయగలదిగా కనబడును. పదియేండ్లకు అందలివారు వచ్చిన పనులు కూడ మరచి మంచమునకు అంటుకొందురు.

ఇంగ్లండులో పెద్ద ఆస్పత్రులు మూసి, నలుగురైదుగురుండు చిన్న యిండ్లను ఏర్పరచినప్పుడు పరిశోధకులు ఒక సంగతి గమనించిరి. ఇల్లు చిన్నదైనంతమాత్రమున బ్రతుకు బాగుపడలేదు. సహాయకులు ఎక్కువమంది యున్నంతమాత్రముననుగూడ బాగుపడలేదు. సహాయకుడు దినమంతయు ఆ మనిషిని ఏదో యొక పనిలో కలుపుకొనుచున్నాడా లేదా యన్నదానిపై అంతయు ఆధారపడియుండెను. కొన్ని చిన్న యిండ్లలో జనము గోడవారగా కూర్చుండి ప్రొద్దు పుచ్చుచుండిరి.

గృహమును చూడబోవువారికి నేను కొన్ని గుర్తులు చెప్పెదను. మొదటిది, చెప్పకుండ పొండు, అదియు భోజనవేళ. ముందుగా చెప్పినదినమున ఏ యింటనైనను నేల తుడిచియుండును. రెండవది, మరీ నిశ్శబ్దముగా నున్న యింటిని అనుమానింపుడు. ఇరువదిమంది మనుష్యులున్నచోట మాట, నవ్వు, అలుక ఉండవలయును. పట్టపగలు అందరును మత్తుగా కూర్చుండినచో, ఏ మందులు, ఎవరు వ్రాసినవి, ఎంతకాలమునుండి యని అడుగుడు. సహాయకులకు సుఖము కలుగుటకై రోగులకు మత్తుమందు ఇచ్చుట లోకమంతట నున్న దోషము. మూడవది, బట్టలు చూడుడు. ఎవరి చీర వారిదేనా, ఉతికినప్పుడు కుప్పలోనుండి దొరికినది కట్టుదురా? తన దువ్వెన, తన గిన్నె, తన పెట్టె యున్నవాడు తాను మనిషినని మరువడు. నాలుగవది, సహాయకులు వారిని పిలుచు తీరు వినుడు. నలువదియేండ్ల మనిషిని పేరుతోనో, అన్నా, అక్కా యనియో పిలుతురా, ఓరీ యందురా? అయిదవది, తాళములు. రాత్రి తలుపు వేయుట వేరు, పగలు మనిషిని గదిలో వేసి తాళము వేయుట వేరు. ఆరవది, గృహములోనున్నవానినే అడుగుడు. "నీకు ఏది ఇష్టము? నిన్న ఏమి తింటివి? ఎక్కడికి పోయితివి?" మాటలు రానివాడు ముఖముతో చెప్పును. ఆ ముఖమును చదువు సహాయకుడు ఆ యింట కనీసము ఒక్కడైన నుండవలయును.

సహాయకులనుగురించి ఒక మాట. ఈ పని చేయువారు ఎక్కువమంది బీదవారు. జీతము తక్కువ, రాత్రి కాపు ఎక్కువ. అందుచే ఆరునెలలకొకరు మారుచుందురు. మాటలు స్పష్టముగా రాని మనిషి సైగలు తెలిసికొనుటకు ఏడాది పట్టును. తెలిసినవాడు వెళ్లిపోయిన దినమున ఆ మనిషి మరల మూగవాడగును. ఆకలియో, పంటినొప్పియో చెప్పలేక తల గోడకు కొట్టుకొనును. క్రొత్త సహాయకుడు దానిని మొండితనమని తలచును. కనుక చందా యిచ్చు దాతలు పాలరాతి ఫలకము కంటె సహాయకుల జీతమునకు ఇచ్చుట మేలు. గృహము నడుపువారిని నేను మొదట అడుగు ప్రశ్న, "మీ పాత సహాయకుడు ఎన్నియేండ్లనుండి ఉన్నాడు?" అనునదియే.

ఆరోగ్యము సంగతి అంత ముఖ్యమైనదే. ఇట్టివారిలో చాలమందికి మూర్ఛలు వచ్చును. ఆ మాత్ర ఒక్కపూట తప్పినను ప్రమాదమే. డౌను లక్షణము గలవారికి థైరాయిడు లోపము, గుండెదోషము, చెవుడు తరచుగా నుండును. నలువది దాటిన పిదప మతిమరుపు త్వరగా రావచ్చును. ఇంగ్లండు నైరుతి భాగమున జరిగి 2013లో ప్రకటింపబడిన విచారణలో, ఇట్టి పురుషులు తక్కిన జనముకంటె సగటున 13 ఏండ్లు, స్త్రీలు 20 ఏండ్లు ముందుగా చనిపోవుచున్నారని తేలెను. అందు పెక్కు మరణములకు కారణము వైకల్యము కాదు. నొప్పిని ఎవరును గుర్తింపకపోవుట, చికిత్స ఆలస్యమగుట. ధనవంతమైన దేశముననే ఇట్లున్నప్పుడు మనము మరింత మెలకువతో నుండవలయును. ప్రతి మనిషికి ఒక ఆరోగ్యపు పుస్తకము, దానిలో బరువు, పండ్లు, కండ్లు, మందులు వ్రాసియుండుట మంచి గృహమునకు లక్షణము.

గృహములు చెడిపోవుట యెట్లో తెలిసికొనుట అవసరము. తమిళనాడులోని ఏర్వాడియందు 2001 ఆగస్టు 6వ తేదీన మతిచలించినవారిని ఉంచిన పాకకు నిప్పంటుకొనగా, గొలుసులతో కట్టబడిన కారణమున 28 మంది మరణించిరి. అది పేదరికమువలన జరిగినదని మనము సరిపెట్టుకొనవచ్చును. కాని ఇంగ్లండులో బ్రిస్టలు నగరము దాపున నున్న వింటర్‌బోర్ను వ్యూ అను ఆస్పత్రిలో ఒక్కొక్క రోగికి వారమునకు సుమారు మూడువేల అయిదువందల పౌనులు వ్యయమగుచుండెను. అచ్చట సహాయకులు రోగులను కొట్టుట, నీళ్లు గ్రుమ్మరించుట 2011లో రహస్య చిత్రములవలన బయటపడెను. 11 మందికి శిక్షలు పడినవి. అంతకుముందే ఒక నర్సు ఆ సంగతి తెలియజేసినను వినినవారు లేరు. కాబట్టి ధనము లేకపోవుట ఒక కారణమైనను అదే మూలము కాదు. లోపలివారికి చెప్పు నోరు లేదు, బయటివారికి వినుటకు రాకపోకలు లేవు. ఈ రెండును కలిసినచోట మంచివాడును క్రమముగా కఠినుడగును. దీనికి మందు ఒక్కటే: ఊరివారు వచ్చుచు పోవుచు నుండుట.

స్త్రీలనుగురించి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. చండీగఢులో ప్రభుత్వ గృహముననున్న ఒక యువతి అచ్చటనే అత్యాచారమునకు గురియై గర్భవతి యయ్యెను. ఆమె వ్యవహారము 2009లో సుప్రీముకోర్టునకు వచ్చినప్పుడు, స్వల్పమైన బుద్ధిమాంద్యమున్నను ఆమె శరీరముగూర్చి ఆమె సమ్మతియే ప్రమాణమని న్యాయస్థానము తీర్పుచెప్పెను. స్త్రీలుండు గృహమున రాత్రివేళ స్త్రీ సహాయకురాలున్నదా, స్నానమునకు, గుడ్డలు మార్చుటకు చాటున్నదా యని మన ఆడువారిని తోడు తీసికొనిపోయి చూచుట సిగ్గుపడవలసిన పని కాదు.

ఇక మీ చేతిలోనున్న పనులు చెప్పి ముగించెదను.

తల్లిదండ్రులు బ్రతికియుండగనే ఏర్పాటు జరుగవలయును. సదరము శిబిరమున ధ్రువపత్రము, కేంద్ర ప్రభుత్వపు దివ్యాంగుల గుర్తింపుకార్డు తీయించుడు. తెలంగాణములో దివ్యాంగుల ఆసరా పింఛను 2023లో నెలకు 4016 రూపాయలయ్యెను; అది ఆ మనిషి పేర బ్యాంకులో పడి, ఆ మనిషికే ఖర్చగుచున్నదా యని చూడుడు. నేషనల్ ట్రస్టు వారి నిరామయ పథకమున లక్షరూపాయలవరకు ఆరోగ్యబీమా గలదు.

పద్దెనిమిదేండ్లు దాటినవానికి సంరక్షకుడు కావలసినచో, కలెక్టరు అధ్యక్షతనుండు జిల్లా స్థానిక కమిటీకి దరఖాస్తు చేయవలయును. సంరక్షకుడు తాను నియమింపబడిన ఆరునెలలలో ఆస్తి పట్టిక నొప్పగింపవలయును. పిదప ఏటేట లెక్క చూపవలయును. దుర్వినియోగము చేసినచో తొలగింపబడును. తమ్ముడు భూమి అమ్ముచున్నప్పుడు, "వీని సంగతి మేము చూచుకొందుము" అను నోటిమాటతో అన్న వాటా కరగిపోకుండ, "కమిటీవారికి తెలిపితిరా?" యని అడుగవలసినవారు మీరు.

మీ ఊరి పొలిమేరలో ఇట్టి గృహమేర్పడినచో, "మా ఊరికెందుకు ఈ పీడ?" అనకుడు. మొదట 2016 చట్టము ప్రకారము ఉండవలసిన నమోదుపత్రమును చూపుమనుడు; అది లేక గృహము నడుపరాదు. పిదప పాలు, కూరలు మీ ఊరినుండియే కొనుమనుడు. పాలుపోయువాడు దినదినము లోపలికి పోవును, ఏమి జరుగుచున్నదో చూచును. గ్రామపంచాయతీనుండి ఇద్దరు పెద్దలు, ఒక ఆశా కార్యకర్త, ఒక ఉపాధ్యాయుడు నెలకొకమారు పోవునట్లు ఏర్పరచుకొనుడు. బతుకమ్మకు, బోనములకు, పీరులపండుగకు వారిని పిలువుడు. సంతకు తీసికొనిపోయి వారి డబ్బుతో వారికి నచ్చినది కొననిండు. మొక్కకు నీరుపోయుట, పూలు కోయుట వంటి పని ఇచ్చినచో తక్కినవారితో సమానముగా కూలి యిండు. పుణ్యము పేర ఉచితముగా చేయించుకొనకుడు.

హింస జరుగుచున్నదని నమ్ముటకు కారణమున్నచో ఎవరైనను తహశీలుదారునకు తెలియజేయవచ్చును. ఆయన కార్యనిర్వాహక మేజిస్ట్రేటు. తమ అధీనమందున్న దివ్యాంగునకు తెలిసియుండి అన్నపానములు లేకుండ చేసినవారికి ఆరునెలలనుండి అయిదేండ్లవరకు కారాగారశిక్షయు, జరిమానాయు గలవు. ఈ చట్టము గృహములకే గాదు, ఇండ్లకును వర్తించును. కట్టివేయబడిన బిడ్డ మన వీథిలోనున్నను అంతే.

హైదరాబాదునుండి చేవెళ్లకు పోవు బాటకిరువైపుల మఱ్ఱిచెట్లు మీరందరు చూచినవే. ఆ చెట్లను నాటినవారు వాని నీడను అనుభవింపలేదు. బుద్ధిమాంద్యముగల బిడ్డ తల్లి కోరునదియు అట్టి నీడయే. తాను చూడని కాలమున తన బిడ్డకు అది యుండవలయునని ఆమె కోరిక. ఆ నీడను ప్రభుత్వ మొక్కటియే ఈయలేదు, గృహము నడుపువారొక్కరే ఈయలేరు. పేరుపెట్టి పలుకరించి, వేళగాని వేళ తలుపుతట్టి, లెక్క అడిగి, పండుగకు పిలుచు ఊరు ఈయగలదు. ఈ మాటలు విన్న పెద్దలు వచ్చు పంచాయతీ కూటమిలో, మన ఊర ఇట్టివారు ఎందరున్నారో, వారి తల్లిదండ్రుల వయసెంతయో ఒక కాగితముపై వ్రాయించినచో పని మొదలైనట్లే.